అద్భుతము తరువాత గంజి

వాక్యభాగము: మార్కు సువార్త 5వ అధ్యాయము, 35 నుండి 43 వచనములు



యాయీరు కుమార్తె సంగతి మనము సండేస్కూలు నాటినుండి వింటున్నదే. సమాజమందిరపు అధికారి వచ్చి ప్రభువు పాదములమీద పడ్డాడు. దారిలో ఉండగానే బిడ్డ పోయిందని కబురు వచ్చింది. ప్రభువు ఆ తండ్రికి ధైర్యము చెప్పి, ఇంటికి వెళ్లి, బిడ్డను బ్రతికించాడు. మన ప్రసంగములు సాధారణముగా అక్కడితో ముగుస్తాయి. హల్లెలూయ అని కూర్చుంటాము. అయితే మార్కు అక్కడ కలము ఆపలేదు. ఆ గదిలో ఏమేమి జరిగిందో ఒక్కొక్కటే వ్రాశాడు. ఏడ్చి గోల చేస్తున్న జనమును ప్రభువు బయటికి పంపాడు. తల్లిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రము ఉంచుకున్నాడు. బిడ్డ చెయ్యి పట్టుకున్నాడు. ఆ ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే ఆమెను పిలిచాడు. ఆమె లేచి నడిచింది. అందరూ ఆశ్చర్యముతో నోరు తెరుచుకొని నిలబడియుండగా, బిడ్డకు తినడానికి ఏదైనా పెట్టమని ఆయనే గుర్తు చేయవలసి వచ్చింది.

ఈ చివరి సంగతిని ఎప్పుడైనా ధ్యానించారా? చనిపోయిన బిడ్డను లేపగలిగినవాడు ఆమె కడుపు నింపలేడా? అరణ్యములో 5000 మందికి పెట్టినవాడే కదా. అయినను ఆ పనిని తల్లికి వదిలిపెట్టాడు. లేపుట ఆయన పని. గంజి కాచుట ఇంటివారి పని. ఆపరేషను జరిగి ఐ.సి.యు.లో పండుకున్న మన వారి విషయములో మనకు ఏ పని అప్పగింపబడియున్నదో ఈ గది దగ్గర నిలబడి చూద్దాము.

మన చంద్రపూరు సంగతి మీకు తెలుసు. కరీంనగరు, ఆదిలాబాదు, వరంగల్లు పక్కనుండి తాతలనాడు బొగ్గు బాయిల పనికి, కాగితపు మిల్లు పనికి, తరువాత పవర్ హౌసు పనికి వచ్చిన కుటుంబములు మనవి. బల్లార్షా, ఘుగ్గుస్, దుర్గాపూర్, మాజ్రి, రాజురా, ఎక్కడ చూచినా మన ఇండ్లే. ఈ ఊరి దుమ్ము పీల్చనివాడు లేడు. ఖర్రా నమలనివాడు కూడ అరుదే. అందుచేత ఒకరికి గుండె ఆపరేషను, ఒకరికి నోటి క్యాన్సరు, ఒకరికి పేగుల ఆపరేషను, మరొకరికి బండి ప్రమాదములో తొడ ఎముక. 2015లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. పెద్ద కేసయితే నాగపూరు, సేవాగ్రాం, హైదరాబాదు, లేదా రాయవేలూరు. ఎక్కడికి వెళ్లినా మన ఆచారము ఒక్కటే. బండి నిండా మనుషులు ఎక్కి వెళ్తాము. గేటు దగ్గర కాపలావాడితో గొడవ పడతాము. లోపలికి వెళ్లి నలుగురము మంచము చుట్టూ నిలబడి గట్టిగా ప్రార్థన చేస్తాము. ప్రేమతోనే చేస్తాము, నేను కాదనను. పరదేశములో మనకు మనమే దిక్కు గదా.

యాయీరు ఇంటి జనమును కూడ ప్రభువు చెడ్డవారని అనలేదు. మత్తయి చెప్పినదాని ప్రకారము అక్కడ పిల్లనగ్రోవులు వాయించేవారు కూడ ఉన్నారు. ఊరి మర్యాద అది. అయినను వారిని బయటికి పంపకుండా ఆయన ఆ మంచము దగ్గరకు వెళ్లలేదు. ఆపరేషను అయినవాని ఒంటిలో తెరిచియున్న గాయము ఉంటుంది, మెడలోను చేతిలోను సూదులు ఉంటాయి, మూత్రమునకు గొట్టము ఉంటుంది. ఇవన్నియు క్రిములకు తెరిచిన ద్వారములు. 1847లో వియన్నా నగరములో సెమ్మెల్వైస్ అను వైద్యుడు, ప్రసవము చేయకముందు డాక్టర్లు తమ చేతులను శుద్ధి చేసే ద్రావణములో కడుగుకొంటే బాలింతల మరణములు ఎంతగానో తగ్గుతాయని చూపించాడు. తోటి వైద్యులే చాలామంది అతనిని నమ్మలేదు. మనము మాత్రము ఇప్పటికి నమ్మవలెను. ఐ.సి.యు. గుమ్మము దగ్గర పెట్టిన సీసాలోని మందు చేతికి రాసుకోకుండా రోగి తలమీద చెయ్యి ఉంచవద్దు, అది పెద్దల చెయ్యి అయినా, కాపరి చెయ్యి అయినా. నూనెతో అభిషేకించుట యాకోబు పత్రికలో ఉన్న సంగతే. ఆపరేషనుకు వెళ్లకముందు ఇంట్లోనే, మందిరములోనే అది చేయవచ్చును. గాయము దగ్గర, గొట్టముల దగ్గర నూనె పూయవద్దు. రాత్రి నిద్ర కూడ రోగికి మందే. పదిమంది వచ్చిపోతుంటే ఆ మందు అందదు. లోపలికి ఇద్దరు చాలు, ఆ ఇద్దరూ దినదినము మారకుండా ఉంటే ఇంకా మేలు. మిగిలినవారు మందిరములో మోకరించండి. ప్రార్థనకు గేటు పాసు అక్కర లేదు.

ఐ.సి.యు. అనేది ఎట్లా పుట్టిందో చెప్తాను. 1952లో డెన్మార్కు దేశపు కోపెన్‌హాగన్ నగరములో పోలియో విపరీతముగా వచ్చింది. ఊపిరి తీసే కండరములు పడిపోయినవారు ఎక్కువమంది చనిపోతున్నారు. ఆగస్టు నెలలో బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తు డాక్టరును పిలిపించారు. ఊపిరి ఆగిపోతున్న ఒక ఆడపిల్ల గొంతుకు రంధ్రము చేయించి, గొట్టము పెట్టి, రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ ఆయన ఊపిరి అందించాడు. ఆ పిల్ల బ్రతికింది. ఆమె వయస్సు ఎంతో తెలుసా? 12 సంవత్సరములు, సరిగ్గా యాయీరు కుమార్తె వయస్సే. తరువాత ఆ పని అందరికీ చేయవలెనంటే అన్ని యంత్రములు లేవు. దాదాపు 1500 మంది విద్యార్థులు మన బాయిలలో లాగానే షిఫ్టులు వేసుకొని, రోగి తలదగ్గర కూర్చుండి, రాత్రింబగళ్లు ఆ సంచిని నొక్కారు. మరుసటి సంవత్సరము ఇబ్సెన్ అక్కడ ప్రత్యేక వార్డు తెరిచాడు. నేటి వెంటిలేటరు చేయునది ఆ విద్యార్థుల చేతి పనినే. ఐ.సి.యు. అంటే యంత్రముల గది అని మనము భయపడతాము గాని, మొదట అది మనుషుల చేతుల గది.

ఇప్పుడు ప్రభువు చేతి సంగతికి వద్దాము. ఆయన ఆ బిడ్డను పడుకోబెట్టి జోకొట్టలేదు, లేపాడు. మార్కు మొదటి అధ్యాయములో పేతురు అత్తను కూడ చెయ్యి పట్టుకొని లేపాడు. అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయములో పేతురు ఆ కుంటివానిని కుడిచెయ్యి పట్టి లేవనెత్తాడు. మన ఇండ్లలో నేను వినే మాట వేరు. “బాపును కదపకుండ్రి, కుట్లు ఊడుతయి.” “అవ్వ పండుకోని ఉండనీ, పాణం బాగలేదు.” జాలితో చెప్పే మాటలే. ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లు కూడ రెండు మూడు వారములు మంచము దిగనిచ్చేవారు కారు. 1899లో చికాగోలో ఎమిల్ రీస్ అను సర్జను కడుపు ఆపరేషను అయినవారిని త్వరగా లేపి, త్వరగా తినిపించవచ్చని వ్రాస్తే ఎక్కువమంది పట్టించుకోలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలము వచ్చేవరకు ఆ మాట నాటుకోలేదు.

ఎందుకు లేపవలెను? వెల్లకిల పండుకుంటే ఊపిరితిత్తుల అడుగు భాగము ముడుచుకొనిపోతుంది, కఫము అక్కడే నిలిచి న్యుమోనియా అవుతుంది. కాళ్లలో రక్తము కదలక గడ్డకడుతుంది. ఆ గడ్డ జారి ఊపిరితిత్తులకు పోతే ప్రాణమే పోవచ్చును. పేగులు కదలవు. కండలు కరిగిపోతాయి. లండనులో కొలిచి 2013లో ప్రకటించినదాని ప్రకారము, ఐ.సి.యు.లో ఉన్నవారి తొడ కండరము పది రోజులలోనే దాదాపు 18 శాతము తగ్గింది. ఇరవై ఏండ్లు తట్ట మోసి పెంచిన కండ పది దినములలో అంత పోతుంది! ఆపరేషను అయిన రోగుల ఐ.సి.యు.లలోనే, ఆస్ట్రియా, జర్మనీ, అమెరికా దేశములలో 200 మందిని పరీక్షించి 2016లో ప్రకటించారు. ఈ దినము మంచముమీద కూర్చోబెట్టవలెను, రేపు నిలబెట్టవలెను అని ప్రతి ఉదయము ఒక గురి పెట్టుకొని నడిపించినవారు సుమారు 7 దినములకు ఐ.సి.యు. నుండి బయటికి వచ్చారు. మామూలుగా చూచినవారికి 10 దినములు పట్టింది. మూడు దినముల ఐ.సి.యు. బిల్లు ఎంతో కట్టినవారినే అడగండి.

అయితే ఒక హెచ్చరిక. ఈ మాట విని రోగిని మీరే లాగి లేపవద్దు. వెంటిలేటరు మీద ఉన్నవారిని మామూలుకంటె మరి ఎక్కువగా లేపి చూచిన పెద్ద పరీక్ష ఒకటి 2022లో వెలువడింది. దానిలో అదనపు మేలు కనబడలేదు, గుండె దడ, బి.పి. హెచ్చుతగ్గులవంటి ఇబ్బందులు మాత్రము ఎక్కువైనవి. ఎంత లేపవలెనో, ఎప్పుడు లేపవలెనో డాక్టరు, ఫిజియోథెరపీవారు చెప్తారు. మన పని అడుగుట. “సిస్టర్, ఈరోజు మా బాపును కూర్చోబెట్టవచ్చునా?” అని ప్రతి ఉదయము మర్యాదగా అడగండి. ఫిజియోథెరపీవారు వచ్చినప్పుడు “ఇప్పుడే పండుకున్నడు, రేపు రండి” అని తిప్పి పంపవద్దు. గొట్టములు, సంచులు వారు పట్టుకుంటారు, మీరు చెయ్యి పట్టుకోండి.

ఇంకొక సంగతి, ఇది ఆపరేషనుకు ముందే చేయవలసినది. ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములలో పై కడుపు ఆపరేషనుకు వెళ్లేవారు నాలుగు వందలకు పైగా ఉన్న పరీక్ష ఒకటి 2018లో వెలువడింది. సగముమందికి ఆపరేషనుకు ముందే ఫిజియోథెరపీవారు ఒక అరగంట కూర్చుండి, లోతుగా ఊపిరి పీల్చుట, దగ్గుట నేర్పారు, మెలకువ రాగానే మొదలుపెట్టమని చెప్పారు. మిగిలిన సగమునకు కాగితము మాత్రము ఇచ్చారు. కాగితము ఇచ్చినవారిలో 100కి 27 మందికి ఊపిరితిత్తుల జబ్బు చేసింది, నేర్పినవారిలో 12 మందికే. మందు లేదు, యంత్రము లేదు, అరగంట సమయము! బొగ్గు దుమ్ముతో ముందే దెబ్బతిన్న ఊపిరితిత్తులు గల మన వారికి ఇది ఎంత అవసరమో ఆలోచించండి. మూడు బంతుల పరికరము ఇస్తారు గదా, దానిని డబ్బాలోనే ఉంచి ఇంటికి తెచ్చుకోకండి. దగ్గేటప్పుడు చిన్న దిండును కుట్లమీద ఆనించి పట్టుకొంటే నొప్పి తక్కువగా ఉంటుంది.

పొగ త్రాగేవారు కనీసము నాలుగు వారముల ముందే మానవలెను. ఖర్రా కూడ అంతే. త్రాగుడు సంగతి మాట్లాడాలంటే మన సంఘములో అందరికీ సంకోచము. 2015 నుండి 2021 వరకు ఈ జిల్లాలో సారా నిషేధము ఉన్నది. త్రాగేవాడు ఆ సంవత్సరములలో కూడ త్రాగాడని మీకూ తెలుసు, నాకూ తెలుసు. సంఘ సభ్యుడు కనుక డాక్టరు అడిగినప్పుడు “లేదు సార్, ముట్టను” అంటాడు. పక్కన పెద్దలు నిలబడి ఉంటే ఇంకేమంటాడు? దినము త్రాగేవానికి ఆపరేషనుతో అకస్మాత్తుగా ఆగిపోతే, రెండు మూడు దినములకు చేతులు వణకి, లేనివి కనబడి, ప్రాణము మీదికి వస్తుంది. ముందే తెలిస్తే డాక్టరు దానికి మందు ఇస్తాడు. కాబట్టి సంఘ పెద్దలకు నా మనవి: డాక్టరు ప్రశ్నలు అడిగేటప్పుడు గదిలోనుండి బయటికి వెళ్లండి. ఒప్పుకోలు సంఘము ఎదుట తరువాత జరుగుతుంది. ఆ రోజు డాక్టరు ఎదుట జరగనివ్వండి.

నొప్పిని ఓర్చుకొనుట భక్తి అనుకునేవారు మనలో ఉన్నారు. సిలువమీద ప్రభువు బోళము కలిపిన ద్రాక్షారసము పుచ్చుకోలేదు గదా అని ఒక పెద్దాయన నాతో వాదించాడు. ప్రియుడా, ఆయన ఆ దినము చేసిన పని మరి ఎవ్వరూ చేయనవసరము లేనిది. నీ పిత్తాశయపు ఆపరేషను ప్రాయశ్చిత్తము కాదు! నొప్పి ఉన్నవాడు దగ్గలేడు, లేవలేడు, నిద్రపోలేడు. నొప్పి ఎంతగా ఉన్నదో పదికి ఎన్ని అని నర్సు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పవలెను.

ప్రభువు ఆ బిడ్డను పిలిచిన భాషనుగూర్చి ఇంతకుముందు అన్నాను. మార్కు గ్రీకులో సువార్త వ్రాస్తూ, ఆ రెండు మాటలు మాత్రము అరామిక్‌లోనే ఉంచి అర్థము చెప్పాడు. పేతురు ఆ గదిలో ఉన్నాడు గనుక ఆ శబ్దము అతని చెవిలో నిలిచిపోయిందని నేను అనుకుంటాను. మన అవ్వ యాభై ఏండ్లు చంద్రపూరులో ఉన్నా బజారు మరాఠీ తప్ప రాదు. ఆమె మత్తులోనుండి కళ్లు తెరిచేసరికి చుట్టూ మరాఠీ, హిందీ, ఇంగ్లీషు, యంత్రముల కీచు శబ్దములు. కళ్లజోడు లేదు, పండ్లసెట్టు లేదు, పగలో రాత్రో తెలియదు. ముసలివారికి ఇటువంటప్పుడు మనస్సు కలత చెందుతుంది. ఉన్నట్టుండి సూది లాగివేస్తారు, కన్నబిడ్డను గుర్తుపట్టరు, గోడమీద ఎవరో ఉన్నారంటారు, ఎన్నడూ అనని బూతు మాట అంటారు. కొందరు మాట పలుకు లేకుండా మందముగా పడియుంటారు. అది కూడ ఆ జబ్బే.

ఇక్కడ నేను గట్టిగా చెప్పవలసిన మాట ఉన్నది. అది దయ్యము కాదు. ఒక సంఘములో ఇట్లే జరిగితే, అపవిత్రాత్మ పట్టిందని కొందరు లోపలికి వెళ్లి గద్దించారు. ఆ ముసలామె ఇంకా బెదిరిపోయింది. ఆమె కుమార్తెలు ఆ నింద ఇప్పటికీ మోస్తున్నారు. సువార్తలే జబ్బును, దయ్యమును వేరుగా చెప్తున్నాయి. మత్తయి 4:24 చూడండి. ఈ కలతకు కారణములు జ్వరము కావచ్చు, క్రిములు కావచ్చు, ప్రాణవాయువు తగ్గుట కావచ్చు, మందులు కావచ్చు, నిద్రలేమి కావచ్చు. వెంటనే నర్సుకు చెప్పవలెను. మీ వారు సహజముగా ఎట్లా ఉంటారో మీకు తెలిసినంత ఆమెకు తెలియదు. తరువాత కళ్లజోడు పెట్టండి, చెవి యంత్రము ఉంటే పెట్టండి. “అవ్వా, నేనే, నీ చిన్న కొడుకును. ఇది నాగపూరు దవాఖానా. ఈరోజు శుక్రవారం. పొద్దున తొమ్మిదయింది. ఆపరేషన్ మంచిగయింది” అని నెమ్మదిగా, మన భాషలో, మళ్లీ మళ్లీ చెప్పండి. వాదించవద్దు. పగలు వెలుతురు పడనివ్వండి, రాత్రి దీపము తగ్గించమని అడగండి. కిటికీ కూడ తేలిక కాదు. అమెరికాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయపు ఆపరేషను అయినవారిలో చెట్లు కనబడే గదిలోనివారు, ఇటుక గోడ కనబడే గదిలోనివారికంటె సుమారు ఒక దినము ముందే ఇంటికి వెళ్లారని 1984లో ఒకాయన వ్రాశాడు. అటువంటి మంచము దొరికితే వదులుకోవద్దు.

మరొక చిన్న ఉపాయము. ఒక అట్టముక్క మీద నొప్పి, నీళ్లు, ఊపిరి, దగ్గండి, లేవండి అను మాటలను మరాఠీ అక్షరములతో వ్రాసి, పక్కన అర్థము వ్రాసి, మంచమునకు కట్టండి. మన యౌవనస్థులు మరాఠీ బడిలోనే చదువుకున్నారు గనుక పది నిమిషములలో వ్రాస్తారు. నర్సు “లేవండి” అని తెలుగులో అన్నప్పుడు ఆ ముసలి ముఖము చూడండి.

ఇక గంజి. పూర్వము పేగుల ఆపరేషను అయితే చాలా దినములు నోటికి ఏమీ ఇచ్చేవారు కారు. డెన్మార్కులోనే హెన్రిక్ కేలెట్ అను సర్జను 1990లలో ఆ పద్ధతులన్నిటిని తిరిగి పరిశీలించి, నొప్పి సరిగా తగ్గించి, గొట్టములు త్వరగా తీసి, త్వరగా లేపి, త్వరగా తినిపిస్తే రోగులు త్వరగా కోలుకుంటారని చూపించాడు. ఇప్పుడు చాలా ఆపరేషనులకు మరునాటికే నోటితో మొదలుపెట్టిస్తారు. అయితే ఇక్కడ కూడ ప్రభువు తాను చెప్పిన తరువాతనే తల్లి పెట్టింది. డాక్టరు చెప్పకముందు కొంగుచాటున తెచ్చి స్పూనుతో నోట్లో పోయవద్దు. వెంటిలేటరు గొట్టము తీసిన కొత్తలో మ్రింగే శక్తి సరిగా ఉండదు. పోసినది ఊపిరితిత్తులకు పోతుంది. అనుమతి ఇచ్చిన తరువాత మాత్రము ఉపవాసము పెట్టవద్దు. “పథ్యము” అని పదిహేను దినములు మెతుకు, చారు మాత్రమే పెట్టే ఇండ్లు ఉన్నాయి. గాయము మానాలంటే మాంసకృత్తులు కావలెను. గుడ్డు, పప్పు, పెరుగు, చేప, డాక్టరు వద్దనని ప్రతిదీ కొంచెము కొంచెముగా, ఎక్కువసార్లు పెట్టండి. షుగరు ఉన్నవారికి, కిడ్నీ జబ్బువారికి వేరే లెక్క ఉంటుంది, అడగండి. చెట్టు క్రింద చావు కోరుకొని పండుకున్న ఏలీయాకు దేవుడు మొదట ప్రసంగము చేయలేదు. దూత వచ్చి తట్టి లేపి రొట్టె తినిపించాడు, మళ్లీ పండుకోనిచ్చాడు, మళ్లీ తట్టి లేపి తినిపించాడు.

డబ్బు మాట లేకుండా ఈ సంగతి పూర్తి కాదు. మంచి సమరయుడు గాయములు కట్టి, తన వాహనము ఎక్కించి, ఆ రాత్రి తానే చూచుకొని, తెల్లవారి పూటకూళ్లవానికి రెండు దేనారములు ఇచ్చాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చి ఇస్తానన్నాడు. కంపెనీ ఉద్యోగికి కంపెనీ చూస్తుంది. కాంట్రాక్టు కూలీకి ఎవరు చూస్తారు? మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన ఉన్నది. రేషను కార్డు, ఆధారు తీసుకొని, ఆ పథకము నడిచే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర, చేర్చే దినమే అడగండి. డిశ్చార్జి నాడు అడిగితే లాభము లేదు. బండి నిండా మనుషులు వెళ్లే పెట్రోలు డబ్బుతో వరండాలో పండుకునే ఆ భార్యకు వారము దినముల భోజనము వస్తుంది. ఆమె కూడ తినక, నిద్రపోక ఉన్నది. లోపల చెయ్యి పట్టుకోవలసిన మనిషి ఆమెనే గదా.

ఇదంతయు చేసినా లేవనివారు ఉన్నారు. మన మధ్యలోనే ఆ ఖాళీ స్థలములు ఉన్నాయి, ఈ పత్రిక చదివే కొందరి ఇండ్లలో ఉన్నాయి. మీ విశ్వాసము చాలలేదని ఎవరైనా అంటే ఆ మాట పుచ్చుకోవద్దు. కిటికీలోనుండి పడిన ఐతుకును పౌలు కౌగలించుకొని ప్రాణముతో అప్పగించాడు. అదే పౌలు, త్రోఫిము రోగియై ఉండగా మిలేతులో విడిచి వచ్చానని రెండవ తిమోతి పత్రికలో మామూలుగా వ్రాశాడు. కారణము చెప్పలేదు. త్రోఫిము విశ్వాసమును తప్పుపట్టలేదు. మనము మరణించుచున్నవాని చెయ్యి పట్టుకొనుట కూడ ప్రభువు అప్పగించిన పనే. అటువంటి గడియ వచ్చినప్పుడు కుటుంబమును లోపలికి పంపమని, గొట్టముల మధ్యనైనా ఒక చెయ్యి పట్టుకోనిమ్మని ఆసుపత్రివారిని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు.

లేచి ఇంటికి వచ్చినవారి సంగతి కూడ అంత తేలిక కాదు. ఐ.సి.యు. నుండి వచ్చినవాడు నెలల తరబడి నీరసముగా ఉంటాడు, మరచిపోతాడు, రాత్రి ఉలిక్కిపడతాడు. మెట్లు ఎక్కలేడు. “ఆపరేషను అయి మూడు నెలలాయె, ఇంకా డ్యూటీకి పోడేంది?” అని వాకిట్లో మాట్లాడుకుంటాము. రాయవేలూరులో మేరీ వర్గీసు అను వైద్యురాలు 1954లో వాహన ప్రమాదములో నడుము క్రిందికి చచ్చుబడిపోయింది. ఆమె లేచి నడవలేదు. డాక్టరు పాల్ బ్రాండు ప్రోత్సాహముతో, చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు ఆపరేషనులు చేసింది. తరువాత అక్కడ 1966లో తెరిచిన పునరావాస కేంద్రమును నడిపించింది. ఆపరేషను గది తలుపు దాటిన తరువాత రోగికి ఇంకా ఎంత దూరము ఉన్నదో ఆమెకు తెలుసు. మొదటి వారము ముప్పైమంది వచ్చి, మూడవ నెలలో ఒక్కరూ రాని ఇంటికి వెళ్లి, ఆయనను వీధి చివరివరకు నడిపించి తీసుకొని రండి. ఎండాకాలము అయితే పొద్దున ఏడు లోపలనే.

స్త్రీల సమాజము వారి దగ్గర ఒక పుస్తకము ఉన్నది. ఆసుపత్రిలో రాత్రి కాపలా ఉండగలవారు, భోజనము పంపగలవారు, మరాఠీ బాగా వచ్చినవారు, ఆరాధన తరువాత దానిలో పేరు, ఫోను నంబరు, ఏ షిఫ్టు డ్యూటీయో వ్రాయించండి. ఆపరేషను తారీఖు వచ్చినవారు కూడ దాచుకోక, ముందుగానే చెప్పండి. మూడు బంతుల పరికరములు రెండు కొత్తవి కొని మందిరములో పెట్టాము. ఎవరు తీసుకొనిపోయినా అది వారికే, ఒకరి నోట పెట్టినది మరియొకరికి పనికిరాదు.